మ్యూయాన్ ఎలక్ట్రానుగా మారదేమి?

ఎలక్ట్రాను మనకు పరిచితమైన కణమే. 1936లో కాస్మిక్ కిరణాలలో దానికొక అన్న దొరికాడు. అదే మ్యూయాన్. రెండింటి విద్యుదావేశం ఒక్కటే. మ్యూయాన్ ద్రవ్యరాశి మాత్రం సుమారు 207 రెట్లు. ఇట్టి భేదాన్ని శాస్త్రజ్ఞులు ‘ఫ్లేవర్’ అంటారు. మనం ‘జాతి’ అందాము.

మ్యూయాన్ సగటున 2.2 మైక్రోసెకనులు జీవించి, ఒక ఎలక్ట్రానుగాను రెండు న్యూట్రినోలుగాను విడిపోతుంది. న్యూట్రినోలు లేకుండా, ఒక ఎలక్ట్రానును ఒక గామా కిరణాన్ని మాత్రమే ఇవ్వరాదా? శక్తి నిత్యత్వ నియమం దీనికి అడ్డు చెప్పదు. అయినను ఇంతవరకు ఒక్కసారి కూడ అట్లు జరిగినట్లు కనబడలేదు. న్యూట్రినోలు జాతి మారుతవని 1998లో జపానులోని సూపర్ కామియోకాండే ప్రయోగం చూపింది. కాని వాటి మూలంగా మ్యూయాన్‌లో కలుగవలసిన మార్పు ఏ ప్రయోగానికీ అందనంత స్వల్పం.

సూపర్ సౌష్ఠవ సిద్ధాంతం ప్రకారం ప్రతి కణానికి ఒక బరువైన జోడీ ఉండాలి. ఎలక్ట్రాను జోడీ సెలెక్ట్రాను. మ్యూయాన్ జోడీ స్మ్యూయాన్. ఇక్కడ ఒక చిక్కున్నది. ఒక పొలాన్ని ఒకరు తూర్పు, ఉత్తర దిక్కుల వెంట, మరొకరు వాలుగా ఉన్న గట్ల వెంట కొలిచారనుకొనండి. మొదటివారి తూర్పు బాణానికి రెండవవారి లెక్కలో రెండు అంశాలుంటవి. అట్లే నిర్ణీత ద్రవ్యరాశి గల జోడీ కణంలో రెండు జాతుల అంశాలు కలిసి ఉండవచ్చును. ఇదే జాతి మిశ్రమం. క్వాంటం సిద్ధాంతం ప్రకారం మ్యూయాన్ క్షణకాలం ఈ బరువైన కణాల రూపం దాల్చవచ్చును. మిశ్రమమున్నచో మరల ఎలక్ట్రానుగా బయటికి రాగలదు.

స్విట్జర్లాండులోని పాల్ షెరర్ సంస్థలో ‘మెగ్’ ప్రయోగం ధన మ్యూయాన్లతో దీనిని వెదకింది. 2016 నాటి ఫలితం ప్రకారం, ఇట్టి మార్పు ఉన్నప్పటికీ సుమారు 2.4 లక్షల కోట్ల మ్యూయాన్లలో ఒకటికి మించదు. తరువాతి ప్రయోగం ఈ హద్దును ఇంకను బిగించింది.

జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రంలో ప్రోటానులను ఢీకొట్టి జోడీ కణాలనే సూటిగా వెదకుతున్నారు. మిశ్రమమున్నచో, ఒకే జాతి జంటలకు బదులు ఒక ఎలక్ట్రాను, ఒక మ్యూయాన్ కలిసి వెలువడి, కొంత ద్రవ్యవేగం లెక్కకు రాకుండా పోవాలి. అయితే మామూలు డబ్ల్యు బోసానుల జంట కూడ ఇట్టి గుర్తులనే వదలును. కనుక లెక్కకు మించిన సంఘటనలు ఉన్నవా అని చూడాలి. ఇంతవరకు జోడీ కణాలు కనబడలేదు.

అంతమాత్రాన శ్రమ వ్యర్థం కాలేదు. జోడీ కణాలే ఉన్నచో, అవి చాల బరువైనవి కావాలి, లేదా మిశ్రమం అత్యల్పం కావాలి, లేదా వాటి ద్రవ్యరాశులు దాదాపు సమానం కావాలి. కనబడకపోవడం కూడ ఒక కొలతయే.