ఆవుకు ఆ ఇంజెక్షన్.. రాబందుకు మరణశాసనం! పశువులకు వాడకూడని నొప్పి మందులు ఇవే

గేదెకు జ్వరం వచ్చినా, ఎద్దు కుంటినా, పొదుగువాపు వచ్చినా వెంటనే గుర్తొచ్చేది నొప్పి తగ్గించే ఇంజెక్షన్. కానీ ఆ సీసాపై ఏ మందు పేరుందో చూశారా? కొన్ని మందులను పశువులకు వాడటంపై కేంద్రం నిషేధం విధించింది. ఎందుకంటే..

అసలేం జరిగింది?

ఒకప్పుడు పశువు చనిపోయి ఊరి చివర పడేస్తే గంటల్లోనే రాబందులు వాలిపోయేవి. 1990ల నుంచి అవి మాయమవడం మొదలైంది. 1992 - 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. కారణం డైక్లోఫెనాక్ అని పాకిస్థాన్‌లో జరిగిన పరిశోధన 2004లో తేల్చింది. ఈ మందు వేసిన కొద్ది రోజుల్లోనే పశువు చనిపోతే కళేబరంలో దాని అవశేషాలు మిగిలిపోతాయి. ఆ మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పాడై ప్రాణం పోతుంది. వంద కళేబరాల్లో ఒక్కదానిలో ఈ మందు ఉన్నా చాలు.. జాతి మొత్తం కుప్పకూలుతుంది.

మనుషులకేంటి నష్టం?

రాబందులు లేకపోవడంతో కళేబరాలు కుళ్లిపోయాయి, వీధి కుక్కలు పెరిగాయి. దీనివల్ల 2000 - 2005 మధ్య దేశంలో ఏటా దాదాపు లక్ష మంది అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తల అధ్యయనం అంచనా వేసింది. తెలంగాణలోని ఆసిఫాబాద్ ప్రాంతంలో పాలరాపు గుట్టపై 2013లో రాబందులు కనిపించడమే పెద్ద వార్త అయ్యిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

నిషేధం వేటిపై?

* డైక్లోఫెనాక్: పశువుల వాడకంపై 2006లో వేటు పడింది. అయినా మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలను పశువులకు వాడేస్తుండటంతో, 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 ఎంఎల్ సింగిల్ డోస్‌కే పరిమితం చేశారు.
* కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్: 2023 జులైలో నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. అంటే పేరు వేరు.. విషం ఒకటే!
* నిమెసులైడ్: ఆ తర్వాత దీన్నీ పశువులకు నిషేధించారు.

మరి ఏం వాడాలి?

మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్ రాబందులకు హాని చేయవని పరీక్షల్లో తేలింది. పశువుకు ఏది, ఎంత మోతాదు అనేది పశువైద్యుడే నిర్ణయించాలి.

ఇవి గుర్తుంచుకోండి

పశువైద్యులు చీటీపై మందు అసలు పేరు స్పష్టంగా రాయాలి. మనుషుల మందును పశువుకు వాడేయడం ఆపాలి. పాడిరైతులు మెడికల్ షాపులో ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకోకుండా లేబుల్ చూడాలి. చదవడం రాకపోతే పక్కవారిని అడగాలి. ఇంజెక్షన్ వేశాక ఎన్ని రోజులు పాలు పోయకూడదో డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి. మందు వేసిన పశువు చనిపోతే బయట పడేయకుండా లోతుగా పూడ్చిపెట్టాలి.

రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. పోయిన సంఖ్య తిరిగి రావాలంటే దశాబ్దాలు పడుతుంది.. ఒక్క సీసా విషయంలో జాగ్రత్త పడితే అదే మొదలు.