వృక్షవనమే బడి: లాల్‌బాగ్ పూలప్రదర్శన నుండి ఊరి వేపచెట్టు దాకా

ప్రతి సంవత్సరము గణతంత్ర దినోత్సవము, స్వాతంత్ర్య దినోత్సవము సమీపించగానే బెంగుళూరులోని లాల్‌బాగ్ తోటలో పూలప్రదర్శన ఆరంభమవుతుంది. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, హోసూరు ప్రాంతాల నుండి కుటుంబాలు, బడిపిల్లలు బస్సులలో తరలి వెళ్తారు. పూలతో కట్టిన ఆకృతులను చూసి, గాజుమేడ ముందు ఫొటోలు దిగి, చీకటి పడేసరికి ఇల్లు చేరుకుంటారు. పిల్లలకు అది పండుగ రోజు. అయితే ప్రయాణానికి డబ్బు, ఒక దినము ఖర్చు పెట్టిన తల్లిదండ్రులు ఒక ప్రశ్న వేసుకొనవలసి ఉన్నది. ఆ తోట నుండి పిల్లలు ఇంటికి ఏమి తెచ్చుకొన్నారు? ఒక్క చెట్టునైనా పేరుపెట్టి గుర్తించగలరా?

పార్కు వేరు, వృక్షవనము వేరు

నీడ కొరకు, విహారము కొరకు పెంచినది పార్కు. వృక్షవనములో చెట్లను తెలుసుకొనుట కొరకు పెంచుతారు. ఇక్కడ దేశదేశాల చెట్లను జాతుల వారీగా నాటి, వాటికి పేరు పలకలు తగిలించి, అవి ఎప్పుడు చిగిర్చినవి, ఎప్పుడు పూచినవి అనే సంగతులను నమోదు చేస్తారు. గ్రంథాలయములో పుస్తకాలకున్న స్థానమే వృక్షవనములో చెట్లకు ఉన్నది. పుస్తకాల అట్టలు చూసి వచ్చినవాడు చదువుకొన్నవాడు కానట్లే, తోటలో నడచి వచ్చినంత మాత్రాన చెట్లు తెలియవు.

లాల్‌బాగ్ కథ

లాల్‌బాగ్‌కు 1760లో హైదరాలీ పునాది వేశాడు. తుమకూరు జిల్లా శిరాలో ఉండిన మొగలాయీ తోట దీనికి ఆదర్శమని చెబుతారు. శిరా అనంతపురము సీమను ఆనుకొని ఉన్న ఊరే కనుక ఈ కథలో సరిహద్దు ప్రాంతానికి కూడా పాలు ఉన్నది. తరువాత టిప్పు సుల్తాను విదేశాల నుండి మొక్కలు, విత్తనాలు తెప్పించి తోటను విస్తరింపజేశాడు. 1856లో ఇది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైనది. గాజుమేడకు 1889లో శంకుస్థాపన జరిగింది. లండనులోని స్ఫటిక భవనము దానికి నమూనా.

ఈ తోట అందము కొరకు మాత్రమే పుట్టినది కాదు. కొత్త పంటలను తెచ్చి, ఈ నేలలో పండునో లేదో పరీక్షించి, రైతులకు అందించుట దాని ముఖ్యమైన పనులలో ఒకటి. సరిహద్దు ఇండ్లలో కూటుకు, పులుసుకు వాడే సీమవంకాయను బెంగుళూరు ప్రాంతానికి పరిచయము చేసిన ఖ్యాతి, 1874 నుండి 1908 వరకు ఈ తోటను పర్యవేక్షించిన జాన్ కామెరూన్‌కు దక్కింది. తెలుగువారు దానిని బెంగుళూరు వంకాయ అని పిలుచుటకు కారణము ఇదే. ఆయన తరువాత 1908లో వచ్చిన జర్మను దేశీయుడు క్రుంబిగెల్, నగరములో ఏ నెలలో చూసినా ఏదో ఒక వీధిలో చెట్లు పూచి ఉండునట్లు నాటించాడు. మైసూరు ఉద్యాన సంఘము 1912లో ఆయన ప్రోత్సాహముతో ఏర్పడింది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మరిగౌడ కాలములో తోట నేటి 240 ఎకరాల విస్తీర్ణానికి పెరిగింది.

ప్రదర్శనలో చూడవలసినవి

పూలప్రదర్శన ప్రజల ఉత్సవము. 2022 ఆగస్టు ప్రదర్శనను నటులు రాజ్‌కుమార్, పునీత్ రాజ్‌కుమార్‌ల స్మృతికి, 2025 జనవరి ప్రదర్శనను వాల్మీకి మహర్షికి అంకితము చేశారు. పూల ఆకృతులతో పాటు కూరగాయల చెక్కడాలు, మరుగుజ్జు చెట్లు, ఇంటి తోటల పోటీలు కూడా ఇందులో భాగములే. ఫల పుష్ప ప్రదర్శనలు ఒక్క బెంగుళూరుకే పరిమితము కాలేదు. జనవరిలో జరిగే యానాం ప్రజా ఉత్సవాలలో కూడా అటువంటి ప్రదర్శన ఉన్నది.

ఉత్సవములో జనసమ్మర్దము ఎక్కువ. పిల్లలకు నిలబడి చూచుటకు వీలుండదు. అందుచేత ప్రదర్శనను ఒక గంటలో ముగించి, మిగిలిన సమయాన్ని గాజుమేడకు దూరముగా ఉన్న పెద్ద చెట్ల క్రింద గడుపుట మేలు. విశాలమైన వేళ్ళతో నేలను పట్టి నిలిచిన బూరుగు జాతి మహావృక్షము, కెంపేగౌడ గోపురము నిలిచిన బండరాయి అక్కడ తప్పక చూడదగినవి. ఆ రాయి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ప్రదర్శన లేని సాధారణ దినములలో వెళ్ళితే పలకలన్నీ నింపాదిగా చదువుకొనవచ్చును.

తన మడి తనకే

చూచుట వలన వచ్చే జ్ఞానము కొంతయే. బాధ్యత అప్పగించినపుడే అది నిలుస్తుంది. ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందరు ఎరిగిన ఫ్రోబెల్, 1840లో తన శిశువిద్యాలయానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. జర్మను భాషలో ఆ మాటకు పిల్లల తోట అని అర్థము. అది ఉపమానము మాత్రమే కాదు. ఆయన ప్రణాళికలో ప్రతి శిశువుకు ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఒక ఉమ్మడి తోట ఉండేవి. తన మడిలో తన ఇష్టము చెల్లుతుంది. ఉమ్మడి తోటలో అందరి మాట వినవలెను.

ఈ పద్ధతి నేటికీ నడుస్తున్న చోటు న్యూయార్కులోని బ్రూక్లిన్ వృక్షోద్యానము. అక్కడ 1914లో ఎలెన్ ఎడ్డీ షా అనే విద్యావేత్త పిల్లల తోటను ఆరంభించింది. నగరపు పిల్లలు అక్కడికి వచ్చి, విత్తనము నాటి, కలుపు తీసి, నీరు పోసి, పండిన కూరగాయలను ఇంటికి తీసుకొని పోతారు. నూరేళ్ళు దాటినా ఆ తోట ఆగలేదు. దానికి కారణము సులభముగా గ్రహించవచ్చును. తాను పండించిన ముల్లంగిని అమ్మ చేతిలో పెట్టిన పిల్లవాడు మరుసటి వారము కూడా తోటకు వస్తాడు.

వారానికి ఒకసారి ఒకే చెట్టు

మడికి తగిన నీరు, స్థలము లేని బడులకు మరొక మార్గము కలదు. సీజన్‌వాచ్ అనే కార్యక్రమము ఈ దశాబ్దములలో కేరళ బడులలో విస్తారముగా వ్యాపించింది. పిల్లలు తమ బడికో ఇంటికో దగ్గరలోని ఒక చెట్టును ఎన్నుకొంటారు. వారానికి ఒకసారి దానిని చూసి చిగుళ్ళు, ముదురు ఆకులు, మొగ్గలు, పూలు, కాయలు, పండ్లు ఉన్నవా లేవా, ఉంటే కొద్దిగానా ఎక్కువగానా అని వ్రాస్తారు. ఖర్చు ఒక నోటు పుస్తకము మాత్రమే.

ఇట్టి చిన్న వ్రాతలు కలిసినపుడు పెద్ద సంగతి బయటపడుతుంది. కేరళీయులకు ఏప్రిల్ నడుమ వచ్చే విషు పండుగకు కొన్నపూలు, అనగా తెలుగువారి రేలపూలు, తప్పనిసరి. ఆ పూలు పండుగకు చాలా ముందుగానే విరియుచున్న సంగతి పిల్లల నమోదులలో కనబడింది. వాతావరణము మారుచున్నదనుటకు ఇటువంటి నమోదులు సాక్ష్యములు. పండితులు ప్రతి ఊరికీ వచ్చి చూడలేరు. ప్రతి ఊరిలో పిల్లలు మాత్రము ఉన్నారు.

ఒకే చెట్టు, అనేక నామములు

సరిహద్దు పిల్లలకు ఈ పనిలో ఒక ప్రత్యేకమైన అనుకూలత ఉన్నది. వారికి చెట్టు పేరు రెండు భాషలలో వస్తుంది. ఇంట్లో కానుగ, బడిలో హొంగె. ఇంట్లో చింత, బడిలో హుణసె. తమిళనాట చదివే పిల్లకు చింతయే పుళి, కానుగయే పుంగు. కానుగ శాస్త్రనామములోని పొంగామియా అనే పదము పొంగం అనే దక్షిణాది పేరు నుండి వచ్చినదే. చింత శాస్త్రనామమైన టామరిండస్‌కు మూలము భారతదేశపు ఖర్జూరము అని అర్థమిచ్చే అరబ్బీ మాట. వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో చింత పుట్టిల్లు ఆఫ్రికా. ఇక వేపను చూస్తే కన్నడములో బేవు, తమిళములో వేంబు, మరాఠీలో కడునింబ, ఒడియాలో నిమ. శాస్త్రజ్ఞులు పెట్టిన అజాడిరక్టా అనే పేరు పారశీక భాష నుండి వచ్చినది. ఒక్క పేరు పలకను సరిగా చదివితే అందులో భూగోళము, చరిత్ర, భాషలు మూడూ ఉంటాయి.

ఇక్కడ పోగొట్టుకొనుటకు కూడా ఉన్నది. రాష్ట్ర భాషా మాధ్యమములోనో ఆంగ్ల మాధ్యమములోనో చదివే పిల్లలకు తెలుగు చెట్ల పేర్లు పాఠ్యపుస్తకాలలో దొరకవు. ఇప్ప, మారేడు, నేరేడు, మేడి, చండ్ర వంటి పేర్లు అవ్వల నోటనే మిగిలి ఉన్నవి. ఆ తరము గతించిన తరువాత అడిగితే చెప్పేవారు ఉండరు. చెట్టు నిలిచి ఉన్నా ఇంటి భాషలో దాని పేరు నశిస్తుంది. పేరుతో పాటు ఆకును ఏ నొప్పికి కట్టవలెను, కట్టెను ఏ పనిముట్టుకు వాడవలెను అనే సంగతులు కూడా పోతాయి.

ఊరి బడిలో చేయదగినది

ప్రభుత్వాల వైపు నుండి ఆధారము లేకపోలేదు. 2001లో కేంద్ర పర్యావరణ శాఖ బడులలో పర్యావరణ సంఘాలను ఆరంభించింది. మధ్యాహ్న భోజనానికి తోడ్పడునట్లు బడులలో పౌష్టికాహార తోటలు పెంచుటకు 2019లో కేంద్రము మార్గదర్శకాలు ఇచ్చింది. మొక్క నాటే ఉత్సవాలకు 1950లో ఆరంభమైన వనమహోత్సవము నుండి నేటి వరకు కొదువ లేదు. కొదువ అంతా నాటిన తరువాత నీరు పోసే చేతులకే.

కనుక బడి పెద్దలు, తల్లిదండ్రులు కలిసి ఈ క్రింది క్రమమును అనుసరింపవచ్చును.

మొదటిది, జూన్‌లో బడి తెరవగానే ఊరిలోని పది చెట్లను ఎన్నుకొని, ఇద్దరు పిల్లలకు ఒక చెట్టు చొప్పున అప్పగించవలెను. చెట్టుకు మేకు కొట్టరాదు. పలకను వదులు త్రాడుతో కట్టవలెను. పలక మీద తెలుగు పేరు, రాష్ట్ర భాషలోని పేరు, శాస్త్రనామము మూడూ ఉండవలెను. తెలుగు పేరును పిల్లలు ఇంటి పెద్దలను అడిగి తెలుసుకొని రావలెను.

రెండవది, నీటి వసతి ఉన్నచోట చిన్న మడులు చేయవలెను. మొదట త్వరగా చేతికి వచ్చే పంటలనే వేయుట మంచిది. మెంతికూర, తోటకూర సుమారు నెల రోజులలో కోతకు వస్తాయి. ముల్లంగికి నలభై అయిదు రోజులు పడుతుంది. బెండ కొంచెము ఆలస్యము. వేసవి సెలవులలో నీరు పోయుటకు బడి సమీపములోని కుటుంబాలు వంతులు వేసుకొనవలెను. బడితోటలు ఎండిపోయేది సాధారణముగా ఆ రెండు నెలలలోనే.

మూడవది, వేపచెట్టులో మొదటి పువ్వు కనిపించిన తేదీని ప్రతి సంవత్సరము బడి గోడ మీద వ్రాయవలెను. తెలుగువారి ఉగాది పచ్చడికి, కన్నడిగుల బేవు బెల్లానికి, తమిళుల సంవత్సరాది పచ్చడికి ఆ చెట్టే ఆధారము. మరాఠీలు గుడి పాడ్వానాడు దాని ఆకును తింటారు. పదేళ్ళ తేదీలు వరుసగా గోడమీదికి ఎక్కితే, ఊరి వాతావరణ చరిత్ర ఊరిలోనే దొరుకుతుంది.

ఇట్లు ఒక సంవత్సరము గడిచిన తరువాత పిల్లలను లాల్‌బాగ్‌కు తీసుకొని వెళ్ళవలెను. తమ ఊరి చెట్టును ఎరిగిన పిల్లలు అక్కడి పలకలను వెదకి మరీ చదువుతారు.

ఉపాధికి కూడా దారి

ఉద్యాన విద్య పిల్లల ఆటగానే ముగియనవసరము లేదు. కర్ణాటక ఉద్యాన శాఖ తన శిక్షణ కేంద్రములలో రైతు కుటుంబాల యువతీయువకులకు పది నెలల తోటపని శిక్షణ ఇస్తుంది. దానికి పదవ తరగతి ఉత్తీర్ణత, కన్నడము చదువుట, వ్రాయుట అవసరము. ఆ సంవత్సరపు నియమాలు, దరఖాస్తు గడువు తాలూకా ఉద్యాన శాఖ కార్యాలయములో తెలుస్తాయి. ఇంట తెలుగు నిలుపుకొంటూనే రాష్ట్ర భాషను శ్రద్ధగా నేర్చుకొనవలసిన అవసరాన్ని ఈ ఒక్క నియమమే చెబుతుంది.

పూలప్రదర్శన కొద్ది దినములలో ముగుస్తుంది. ఆకృతులలో గ్రుచ్చిన పూలు వాడిపోతాయి. ఊరి రచ్చబండ దగ్గరి రావి, బడి వెనుక కానుగ, ఇంటి ముందు వేప మాత్రము సంవత్సరమంతా నిలిచి ఉంటాయి. వాటి క్రింద ఒక పిల్లవానిని, ఒక నోటు పుస్తకాన్ని, పేరు చెప్పగల ఒక అవ్వను చేర్చగలిగితే, ప్రతి సరిహద్దు గ్రామములోను ఒక వృక్షవనము ఏర్పడినట్లే.