చేవెళ్ల మర్రులు – ప్రకృతిలోని కలత

హైదరాబాదునుండి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా మన్నెగూడ వైపు పోవు బాట బీజాపూరు రోడ్డని ప్రసిద్ధి. ఈ బాటకు ఇరువైపుల ఉన్న మర్రిచెట్లను ఇటీవల లెక్కింపగా 900కు పైగా తేలినవి. నిజాము పాలనలో బాటసారుల నీడ కొరకు నాటినవని ప్రతీతి. ఈ దారిని నాలుగు వరుసలుగా విస్తరింప తలపెట్టినప్పుడు ఒక ప్రశ్న పుట్టినది: ప్రకృతి ఎంత కలతను ఓర్చుకొనగలదు?

కలత యనగానే నాశనమని తలపరాదు. ఊరి బీడునే చూడుడు. పశువులను బొత్తిగా మేపనిచో ఏపుగా పెరుగు గడ్డి ఒకటి రెండు జాతులు తక్కినవాటికి వెలుతురు దక్కనీయవు. మితముగా మేపినచో ఆ గడ్డి అణగి, నేలనంటి పెరుగు చిన్న మొక్కలకు చోటు దొరకును. మితిమీరి మేపినచో పశువులు ముట్టని తంగేడు వంటివి మాత్రమే మిగులును. చెక్కివేసిన రోడ్డు పక్క నేలను చూచినను ఇదే కథ. 1950 దశకములో పూనా ప్రాంతమున కనిపించి దేశమంతట ప్రాకిన వయ్యారిభామ అచ్చట మొదట తల యెత్తును. పచ్చదనము కనబడుచునే యుండును గాని అందలి జాతులు తగ్గిపోవును.

ఈ విషయమును 1978లో జోసెఫ్ కానెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఉష్ణమండలపు అడవులను, పగడపు దిబ్బలను ఉదాహరణములుగా గైకొని సిద్ధాంతీకరించెను. కలత మరీ తక్కువైనను, మరీ ఎక్కువైనను జాతుల సంఖ్య తగ్గునని, మధ్యస్థమైన చోట అది హెచ్చుగా నుండునని ఆయన ప్రతిపాదన. ఇది అన్ని తావులకు వర్తింపదని తరువాతి పరిశోధకులు చూపిరి. కాని కలత ఎంత పెద్దది, ఎంత తరచుగా వచ్చును, అది పోయిన పిమ్మట ఏమి మిగులును అను మూడు ప్రశ్నలు మాత్రము నేటికిని విలువైనవే.

మర్రి విషయములో మూడవ ప్రశ్న ముఖ్యము. మేడిపండును విప్పినచో పురుగు కనిపించునని మన పెద్దలెరుగుదురు. మర్రిపండును అట్టిదే. మనము పండనుకొనునది నిజమునకు లోపలికి ముడుచుకొన్న పూలగుత్తి. ఆ పూలకు పుప్పొడి చేర్చునది యూప్రిస్టినా మాసోనీ అను చీమతలకాయంత కందిరీగ. ఆడు కందిరీగ సన్నని ద్వారమున లోన దూరి, గ్రుడ్లు పెట్టి, పుప్పొడి రాల్చి అచ్చటనే చనిపోవును. దాని సంతతిలోని ఆడవి పుప్పొడితో వెలువడి, వేరొక లేతకాయను వెదకుకొనవలెను. వాటి ఆయువు ఒకటి రెండు దినములు మాత్రమే.

ఒకే చెట్టుమీది కాయలు సాధారణముగా ఒక్కసారే పక్వమగును. కనుక కందిరీగకు అదే చెట్టున లేతకాయ దొరకుట అరుదు. ఒక మర్రి పండు వేళకు వేరొక మర్రి కాయ తొడుగుచుండవలెను. చెట్లు పలుచబడిన కొలది ఈ గొలుసు తెగు ప్రమాదము పెరుగును. గొలుసు నిలిచినంత కాలము, ఇతర వృక్షములు కాయని మాసములలో సైతము ఎచ్చటనో ఒక మర్రి పండుచుండును. కంసాలిపిట్ట, పచ్చపావురము, కోయిల, గోరువంక, గబ్బిలము ఆ పండ్లతో ఆకలి తీర్చుకొని, వేప, నేరేడు విత్తులను ఆ నీడలోనే రాల్చిపోవును. తొర్రలలో చిలుకలు, గుడ్లగూబలు కాపురముండును. ఒక్క మర్రి తొలగుట యనగా ఇందరి బత్తెము తొలగుట. కొమ్మలు నరికి వేరొకచోట నాటిన చెట్టు బ్రతికినను, మరల గుబురుకట్టి నిండుగా కాచుటకు ఏండ్లు పట్టును. లేత మొక్కను నాటినచో ఇంకను ఎక్కువ కాలము పట్టును.

అయినను ఇది చెట్లకును మనుష్యులకును మధ్య తగవుగా చూడరాదు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలము మీర్జాగూడ వద్ద కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొనగా పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఈ బాట సురక్షితము కావలెనని ఆ ఊళ్లవారు కోరుట న్యాయము. వృక్షప్రేమికుల ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎదుటికి పోగా, హెచ్చు చెట్లను ఉన్నచోటనే నిలిపి, కొన్నింటిని తరలించి నాటుట అను మార్గము 2025లో కుదిరినది. రోడ్డు వేయువారు బాటను చెట్ల వరుసకు అవతల మలుపగల తావులు కలవని ఇందువలన తెలియుచున్నది.

ఇకమీదట చూడవలసినది మిగిలిన చెట్ల సంఖ్య మాత్రమే కాదు. వాటి వేళ్లచుట్టు మట్టి సిమెంటుతో కప్పబడకుండ ఉన్నదా, వరుసలో పెద్ద ఖాళీలు ఏర్పడినవా, తరలించిన చెట్లకు వేసవిలో నీరందుచున్నదా అని చూడవలెను. శ్రోతలు ఆ దారిన పోవునప్పుడు ఒక మర్రి క్రింద క్షణము నిలువుడు. పైన ఎన్ని పిట్టల కూతలు వేరువేరుగా వినవచ్చునో లెక్కింపుడు. కొన్నియేండ్ల తరువాత అచ్చటనే నిలిచి మరల లెక్కింపుడు. కలత మితములో నున్నదో, మితిమీరినదో కొంతవరకు మీకే తెలియును.