ఒక తాళము - పదునారు చేతులు

నేటి విద్యార్థి చేతిలోని సెల్‌ఫోనులో సైతము ఎనిమిది కోర్‌లుండుట సామాన్యమైనది. కోర్‌లు ఎనిమిది గనుక పనియు ఎనిమిది రెట్లు వేగముగా సాగునని చాలమంది భావింతురు. అది అన్నివేళల నిజము కాదు. అందుకు గల కారణములలో ఒకదానిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆయువుపట్టయిన కెర్నెల్‌లోనే చూడవచ్చును. అందలి హాష్ పట్టికలను ఉదాహరణగా గైకొని ఈ విషయమును వివరింపదలచితిమి.

హాష్ పట్టిక యనగా నేమి? గ్రంథాలయములోని కార్డుల బీరువాను తలచుకొనుడు. పుస్తకము పేరునుబట్టి కార్డు ఏ సొరుగులో నున్నదో తెలియును. బీరువా నంతయు గాలింప నక్కరలేదు. హాష్ పట్టికలో ఈ సొరుగు సంఖ్యను ఒక గణిత సూత్రము తెలుపును. ఒకే సొరుగున పడిన అంశములు గొలుసువలె ఒకదాని వెనుక నొకటి యుండును. ఈ ఉపాయమును 1953లో ఐబిఎం సంస్థలో హాన్స్ పీటర్ లూన్ ప్రతిపాదించెను. లైనక్స్ కెర్నెల్ ఫైళ్ల పేర్లను, నెట్‌వర్క్ సంబంధములను ఇట్టి పట్టికలలోనే వెదకును.

ఇప్పుడు ఆ బీరువా వద్దకు పదునారుగురు ఒకేసారి వచ్చిరనుకొందము. ఒకరు కార్డులు సర్దుచుండగా మరియొకరు చేయి పెట్టినచో వరుస చెడును. కెర్నెల్‌లో వరుస చెడినచో యంత్రమే నిలిచిపోవచ్చును. దాచుకొన్న సమాచారము పాడుకావచ్చును. అందుకే తాళము అవసరమైనది. కాని బీరువా కంతకు ఒకే తాళమున్నచో ఒకరు పనిచేయుదురు, పదునైదుగురు నిలుచుందురు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపిన వాదము ననుసరించి, పనిలో పదవ వంతు ఒక్కరే చేయవలసినదైనచో 16 కోర్‌లతో వేగము 6.4 రెట్లే యగును. కోర్‌లెన్ని పెంచినను 10 రెట్లు దాటదు. 1996లో వెలువడిన లైనక్స్ 2.0 బహుప్రాసెసర్ యంత్రములపై నడచినను, కెర్నెల్‌కు ఒకే పెద్ద తాళము నుంచినది. దానిని పూర్తిగా తొలగించుటకు 2011 వరకు కాలము పట్టినది.

సంస్కరణలో మొదటి మెట్టు సొరుగునకొక తాళము. వేర్వేరు సొరుగులలో పనియున్నవారు ఒకరికొకరు అడ్డు రారు.

రెండవది, చదువువారికి తాళమే లేకుండ చేయుట. వెదకువారు అనేకులు, మార్చువారు కొందరే. 2002లో లైనక్స్‌లో చేరిన ఆర్.సి.యు. పద్ధతిలో, పాత కార్డును తీయువారు దానిని వరుసనుండి తప్పింతురు గాని వెంటనే చింపరు. అప్పటికే చూచుచున్న వారందరును వెడలిన పిదపనే చింపుదురు. మార్చువారికి మాత్రము తాళము తప్పదు.

మూడవ చిక్కు సూక్ష్మమైనది. చదువుటకు తాళము లేకున్నను, వచ్చినవారందరు ఒకే రిజిస్టరులో సంతకము చేయవలెనన్నచో వరుస మరల మొదలగును. ఒక అంశమును ఎందరు వాడుచున్నారో తెలుపు లెక్క అట్టి రిజిస్టరే. దానిని దిద్దు ప్రతి కోరును, సాధారణముగా 64 బైట్లుండు ఆ మెమరీ పంక్తిని తన క్యాష్‌లోనికి లాగుకొనును, తక్కినవి వేచియుండును. 2010లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 48 కోర్‌ల యంత్రముపై లైనక్స్‌ను పరీక్షించి, ఫైళ్ల పేర్లకు సంబంధించిన ఇట్టి లెక్కలు పనిని ఆపుచున్నవని గుర్తించిరి. కోరునకొక లెక్క వేరుగా నుంచుట వారు చూపిన మార్గము. 2011లో వచ్చిన 2.6.38 కూర్పులో, సాధారణముగా ఫైలు దారిలోని పేర్లను ఈ లెక్కలను ముట్టకయే వెదకు ఏర్పాటు జరిగినది.

నాల్గవది, బీరువా చాలకపోవుట. గొలుసులు పొడవైనచో వెదకులాట మందగించును. 2014లో 3.17 కూర్పునందు చేరిన పట్టిక, పని ఆపకుండగనే పెరుగగలదు. సామాను క్రొత్త బీరువాలోనికి మారుచుండగా, వెదకువారు పాతదానిలో చూచి, దొరకనిచో క్రొత్తదానిలో చూతురు.

ఇవి ఖర్చులేని మేళ్లు కావు. పారవేయవలసిన మెమరీ కొంతకాలము నిలువయుండును. వ్రాయువానికి మెలకువ ఎక్కువ కావలెను. తప్పు జరిగినచో పట్టుకొనుట కష్టము.

కావున యంత్రములు కొనునపుడు కోర్‌ల సంఖ్యను మాత్రమే చూచుట చాలదని మా మనవి. విద్యార్థులు తాము వ్రాయు ప్రోగ్రాములలో ఎక్కడ అందరును ఒకే చోట నిలువవలసి వచ్చుచున్నదో ముందుగా వెదకవలెను. లైనక్స్ మూలమును ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును. పైన చెప్పిన పట్టికలన్నియు అందులోనే యున్నవి.