తోలు గడియారపు పట్టీ

చేతి గడియారాన్ని మణికట్టుకు కట్టి ఉంచే తోలు బద్దీని తోలు గడియారపు పట్టీ అంటారు. వాడుకలో దీనిని వాచీ బెల్టు అని పిలుస్తారు. గడియారంలోని యంత్రం ఎన్నో సంవత్సరాలు పనిచేసినా, పట్టీ అంతకాలం మన్నదు. లాగుడు వలన పట్టీ తెగిపోతుందని చాలామంది భావిస్తారు. కాని అనేక సందర్భాలలో అది చర్మానికి తగిలే లోపలివైపు నుండి, చెమట వలన పాడవుతుంది. కావున పట్టీ మన్నిక తోలు నాణ్యతపై ఎంత ఆధారపడుతుందో, అది ఎంత త్వరగా ఆరుతుందనే దానిపై కూడా అంతే ఆధారపడుతుంది.

చరిత్ర

19వ శతాబ్దంలో పురుషులు ఎక్కువగా జేబు గడియారాలు వాడేవారు. యుద్ధరంగంలో జేబులోని గడియారాన్ని మాటిమాటికీ తీసి చూడడం కష్టం కావడంతో, సైనికులు దానిని తోలు పట్టీతో మణికట్టుకు కట్టుకోసాగారు. 1904లో బ్రెజిల్ దేశపు వైమానికుడు అల్బెర్టో సాంటోస్ డ్యూమాంట్ కోసం లూయీ కార్టియర్ తోలు పట్టీ గల చేతి గడియారాన్ని రూపొందించాడు. మొదటి ప్రపంచ యుద్ధం (1914-18) తరువాత చేతి గడియారాలు సామాన్య ప్రజలలో వ్యాపించాయి.

నిర్మాణం

పట్టీలో రెండు ముక్కలుంటాయి. పొట్టి ముక్కకు బకిల్, పొడవు ముక్కకు రంధ్రాలు ఉంటాయి. ఒక్కొక్క ముక్కలో పైకి కనిపించే తోలు, చర్మానికి తగిలే అస్తరు అనే రెండు పొరలుంటాయి. కొన్నింటిలో వీటి మధ్య మందం కోసం మరొక పొరను ఉంచుతారు. పొరలను అతికించి, దారంతో కుట్టి, అంచులకు రంగు పూస్తారు. స్ప్రింగు గల సన్నని లోహపు కడ్డీలు పట్టీని గడియారానికి కలుపుతాయి. 18, 20, 22 మిల్లీమీటర్ల వెడల్పులు సాధారణంగా లభిస్తాయి.

తోలు పదును చేయడం

చర్మంలోని ప్రధానమైన ప్రోటీను కొల్లాజెన్. మూడు పోగులు పేనిన తాడు వంటి దీని నిర్మాణాన్ని 1954-55లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. పచ్చి చర్మం తడిగా ఉంటే కుళ్ళిపోతుంది, ఎండితే బిరుసెక్కుతుంది. ఈ రెండూ జరగకుండా కొల్లాజెన్ పోగులను స్థిరపరచడమే పదును చేయడం. ఇందులో రెండు పద్ధతులు ముఖ్యమైనవి.

* వృక్ష సంబంధమైన పదును: తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ మొదలైన వాటిలోని టానిన్లను ఉపయోగిస్తారు. ఈ తోలు గట్టిగా ఉండి, ఆకారాన్ని నిలుపుకుంటుంది. కాని నీటిని సులభంగా పీల్చుకుంటుంది.
* క్రోము పదును: క్రోమియం లవణాలను ఉపయోగిస్తారు. అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ 1884లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. ఈ తోలు మెత్తగా ఉండి, వేడికి, తడికి ఎక్కువగా తట్టుకుంటుంది.

భారతదేశంలో ఈ రంగంలోని ప్రధాన పరిశోధనా కేంద్రం 1948లో మద్రాసులో స్థాపించబడిన కేంద్రీయ తోలు పరిశోధనా సంస్థ. తెనాలి సమీపంలోని యలవర్రులో జన్మించిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ ఈ సంస్థకు సంచాలకులుగా పనిచేశారు.

చెమట ప్రభావం

చెమటలో సుమారు 99 శాతం నీరే. మిగిలిన దానిలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, యూరియా మొదలైనవి ఉంటాయి. వీటి వలన పట్టీకి కలిగే నష్టాలు:

* తోలు మెత్తగా ఉండడానికి తయారీలో దానికి నూనెలు పట్టిస్తారు. మళ్ళీమళ్ళీ తడిసి ఆరడం వలన అవి క్రమంగా తగ్గి, తోలు బిరుసెక్కి పగులుతుంది. బకిల్ వద్ద, రోజూ వాడే రంధ్రం వద్ద వంపు ఎక్కువ కావున పగుళ్ళు ముందుగా అక్కడే కనిపిస్తాయి.
* నీరు ఆవిరైనా ఉప్పు తోలులోనే మిగిలిపోతుంది. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, లోహపు కడ్డీలు తుప్పు పట్టడానికి తోడ్పడుతుంది.
* తాజా చెమటకు సాధారణంగా కొద్దిపాటి ఆమ్ల గుణం ఉంటుంది. నిలవ ఉన్నప్పుడు బాక్టీరియా చర్య వలన అమ్మోనియా ఏర్పడి క్షార గుణం వస్తుంది. క్షారం వృక్ష సంబంధమైన పదునును బలహీనపరుస్తుంది. దుర్వాసనకు కూడా బాక్టీరియాయే కారణం.
* బకిల్ పూత అరిగి ఇనుము బయటపడితే, అది టానిన్లతో కలిసి నల్లని మచ్చలను ఏర్పరుస్తుంది. పూర్వం కరక్కాయ, అన్నభేదితో సిరా తయారైనది కూడా ఈ చర్య వలననే.

కోస్తా ప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ. అందువలన చెమట త్వరగా ఆరక ఈ నష్టాలు అధికమవుతాయి.

చర్మంపై ప్రభావం

తడి పట్టీ క్రింద కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. బకిల్‌లోని నికెల్, తోలులోని క్రోమియం కూడా ఎలర్జీ కలిగించవచ్చు. చర్మానికి తగిలే తోలు వస్తువులలో ఆరు సంయోజకత గల క్రోమియం కిలోగ్రాముకు 3 మిల్లీగ్రాములకు మించరాదని ఐరోపా సమాఖ్య విధించిన నిబంధన 2015 మే 1 నుండి అమలులోకి వచ్చింది. దద్దుర్లు తగ్గకపోతే పట్టీ ధరించడం మాని వైద్యుని సంప్రదించాలి.

ఎంపిక

దూడ, మేక తోళ్ళతో చేసిన పట్టీలు విరివిగా లభిస్తాయి. చర్మపు పై పొరలో పోగులు దట్టంగా అల్లుకొని ఉంటాయి కనుక ఆ పొరను నిలిపి ఉంచిన తోలు ఎక్కువకాలం మన్నుతుంది. తోలు పొడిని జిగురుతో కలిపి అచ్చుపోసిన పట్టీలు చూడడానికి నిజమైన తోలు వలెనే ఉన్నా, వంపుల వద్ద త్వరగా పెచ్చులూడుతాయి. చెమట ఎక్కువగా పట్టేవారు పై తోలును మాత్రమే కాక అస్తరును కూడా పరిశీలించి కొనాలి. ఆటలకు, ఈతకు రబ్బరు లేదా నైలాను పట్టీలు అనుకూలం. గడియారానికి నీటిని తట్టుకొనే శక్తి ఉన్నంత మాత్రాన దాని తోలు పట్టీకి ఆ శక్తి ఉండదు.

జాగ్రత్తలు

* పట్టీని ఒక వ్రేలు దూరేటంత వదులుగా కట్టుకోవాలి. గాలి ఆడితే చెమట ఆరుతుంది.
* రాత్రి గడియారాన్ని తీసి, అస్తరును పొడి గుడ్డతో తుడిచి, గాలి తగిలే చోట ఉంచాలి. వీలైతే రెండు పట్టీలను మార్చి మార్చి వాడాలి.
* తడిసిన పట్టీని ఎండలో గాని, వేడి వస్తువుల దగ్గర గాని ఆరబెట్టరాదు. తడి తోలు వేడికి ముడుచుకుపోతుంది.
* కొబ్బరి నూనె ఎక్కువగా పూస్తే తోలు నల్లబడి, దుమ్ము పట్టి, మరీ మెత్తబడుతుంది.
* అత్తరు, చేతులు శుభ్రపరచుకొనే ఆల్కహాలు ద్రవాలు పట్టీకి తగలకుండా చూడాలి.

అస్తరు ఊడిపోయినా, రంధ్రాలు సాగినా, కుట్లు వదిలినా, కడ్డీ తుప్పు పట్టినా పట్టీని మార్చాలి. వీటిలో కడ్డీని ప్రత్యేకంగా గమనించాలి. పట్టీ చెడితే ముందుగానే పగుళ్ళు కనిపిస్తాయి. కాని కడ్డీ తోలు లోపల దాగి ఉండడం వలన దాని తుప్పు కంటికి కనిపించదు. అది విరిగినప్పుడు గడియారమే క్రింద పడుతుంది.