సైక్లింగ్ నుంచి రోయింగ్‌కు: క్రీడ మారినప్పుడు ఏది వెంట వస్తుంది?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• 'శిక్షణ బదిలీ' అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• సైక్లింగ్, రోయింగ్ క్రీడల మధ్య పోలికలను, తేడాలను గుర్తించగలుగుతారు.
• క్రీడ మారినవారి ఫలితాలు ఎందుకు వేరువేరుగా ఉంటాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఒక క్రీడలో సంపాదించిన సామర్థ్యం మరొక క్రీడలో ఉపయోగపడటాన్ని శిక్షణ బదిలీ అంటారు. అంతర్జాతీయ స్థాయి సైక్లిస్టు ఒకరు రోయింగ్‌కు మారితే, ఆయన ఏళ్ల తరబడి పెంచుకున్న శక్తిలో ఎంత భాగం పడవలోకి వస్తుంది? ఎంత భాగం ఒడ్డునే మిగిలిపోతుంది? ఈ పాఠంలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

2. వెంట వచ్చేది: గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు

ఇంతవరకు ఒలింపిక్ రోయింగ్ పందెం దూరం 2,000 మీటర్లు. పడవ రకాన్ని బట్టి సుమారు ఐదున్నర నుంచి ఎనిమిది నిమిషాల్లో అది ముగుస్తుంది. ఇంత సేపు సాగే తీవ్ర శ్రమకు కావలసిన శక్తిలో అధిక భాగం ఆక్సిజన్ సాయంతోనే తయారవుతుంది. ట్రాక్ సైక్లింగ్‌లోని పర్‌స్యూట్ పందెం నాలుగు నిమిషాల దరిదాపుల్లో ముగుస్తుంది. దానికీ ఇదే రకమైన శక్తి కావాలి. అందువల్ల రెండు క్రీడల్లోనూ శరీరం ఒక నిమిషంలో వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ పరిమాణం కీలకమవుతుంది.

రెండవ పోలిక కాళ్లు. చూసేవారికి రోయింగ్ చేతుల పనిలా కనిపిస్తుంది. నిజానికి రోయర్ కూర్చున్న పీట పట్టాల మీద ముందుకు, వెనుకకు జారుతుంది. రోయర్ పాదాలతో పలకను బలంగా తన్ని పడవను నడిపిస్తాడు. తొడ, పిరుదుల కండరాలే ప్రధాన బలం. సైక్లిస్టు పెంచుకున్నవీ ఈ కండరాలే.

3. వెంట రానిది: కదలిక క్రమం, శరీర నిర్మాణం

3.1 కదలిక క్రమం

సైకిల్ పెడల్ ఒకే వృత్తంలో తిరుగుతుంది. కాలు ఎటు పోవాలో యంత్రమే నిర్ణయిస్తుంది. పడవలో అలా కాదు. తెడ్డు నీటిని పట్టిన క్షణం నుంచి ముందు కాళ్లు, తరువాత నడుము, చివరకు చేతులు ఒకదాని వెంట ఒకటి పనిచేయాలి. తిరిగి ముందుకు వచ్చేటప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది. పైగా సన్నని పడవ పక్కకు ఒరగకుండా చూసుకోవాలి.

గోదావరిఖని ప్రాంతపు విద్యార్థులకు ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. భూగర్భ గనుల్లో తట్టా, చెమ్మస్‌తో టబ్బులు నింపిన పాతతరం ఫిల్లర్లను అడిగి చూడండి. చేయి తిరిగిన ఫిల్లర్ మోకాళ్లు వంచి, కాళ్ల ఊతంతో బొగ్గు ఎత్తుతాడు. కొత్తగా చేరినవాడు నడుముతో లాగుతాడు, షిఫ్టు ముగిసేసరికి నడుము పట్టేస్తుంది. ఇద్దరి బలం సమానమే కావచ్చు, తేడా వరుసలో ఉంది. రోయింగ్‌కు కొత్తగా వచ్చిన సైక్లిస్టుకు ఎదురయ్యే ప్రమాదమూ ఇదే. అతని కాళ్లకు ఉన్న బలానికి తగినట్లు నడుము, వీపు ఇంకా సిద్ధపడి ఉండవు. రోయర్లలో నడుము నొప్పి, పక్కటెముకల పగుళ్లు తరచుగా కనిపించే గాయాలు.

లయలో కూడా తేడా ఉంది. ఆరు నిమిషాల్లో ట్రాక్ సైక్లిస్టు 600కు పైగా పెడల్ చుట్లు తిప్పుతాడు. అదే వ్యవధిలో రోయర్ సుమారు 220 సార్లు మాత్రమే తెడ్డు వేస్తాడు. అంటే ప్రతి లాగుకూ ఎక్కువ బలం కావాలి.

3.2 శరీర నిర్మాణం

కొండదారి ఎక్కే సైక్లిస్టుకు ప్రతి అదనపు కిలో భారమే. రోయర్ బరువును మాత్రం నీటిపై తేలే పడవ మోస్తుంది. అందుకే పొడవైన చేతులు, కాళ్లు, బలమైన పైశరీరం ఉన్నవారికి ఇక్కడ మేలు జరుగుతుంది.

4. అంతర్జాతీయ ఉదాహరణలు

బ్రాడ్లీ విగ్గిన్స్ ఐదు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన సైక్లిస్టు. 2012లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన తొలి బ్రిటన్ క్రీడాకారుడు కూడా ఆయనే. సైక్లింగ్ నుంచి విరమించుకున్నాక రోయింగ్ సాధన మొదలుపెట్టి, శరీర బరువు బాగా పెంచుకున్నారు. 2017 డిసెంబరులో బ్రిటిష్ ఇండోర్ రోయింగ్ పోటీలో, అంటే నీటిపై కాక రోయింగ్ యంత్రంపై, 2,000 మీటర్లను 6 నిమిషాల 22.5 సెకన్లలో పూర్తిచేసి 21వ స్థానంలో నిలిచారు. ప్రపంచ స్థాయి రోయర్లు దీన్ని ఆరు నిమిషాలలోపే ముగిస్తారు. మామూలు మనిషికి ఆయన సమయం అందనిదే. కానీ అగ్రస్థాయికి అది చాలలేదు.

ఎదురు దిశలో వెళ్లినవారిని చూడండి. బ్రిటన్‌కు చెందిన రెబెకా రొమేరో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రోయింగ్ రజతం గెలిచారు. 2006లో క్రీడ మారి, 2008 బీజింగ్‌లో సైక్లింగ్ పర్‌స్యూట్ స్వర్ణం సాధించారు. న్యూజిలాండ్ రోయర్ హామిష్ బాండ్ 2012, 2016 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచాక సైకిల్ ఎక్కి, 2018 కామన్వెల్త్ క్రీడల టైమ్ ట్రయల్‌లో కాంస్యం పొందారు. తరువాత మళ్లీ పడవ ఎక్కి, టోక్యోలో మూడవ స్వర్ణం అందుకున్నారు.

ఈ ఉదాహరణలు చాలా తక్కువ కాబట్టి వీటినుంచి సూత్రం తీయలేం. అయినా ఒక వివరణ సబబుగా తోస్తుంది. పెడల్ తొక్కే పద్ధతి త్వరగా పట్టుబడుతుంది, తెడ్డు వేసే పద్ధతికి ఏళ్లు పడుతుంది.

5. మన దేశంలో

భారత రోయర్లలో చాలామంది పెద్దయ్యాక, సైన్యంలో చేరాకే తెడ్డు పట్టారు. మహారాష్ట్ర కరవు ప్రాంతంలో తండ్రితో కలిసి బావులు తవ్విన దత్తు భోకనల్ 2012లో సైన్యంలో చేరారు. 2016 రియో ఒలింపిక్స్‌లో 13వ స్థానం పొందారు. 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన నలుగురి జట్టులో ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైనికుడు కొంగనపల్లె నారాయణ 2015లో జమ్మూ కశ్మీర్‌లో మందుపాతర పేలి ఎడమకాలు కోల్పోయారు. ఆ తరువాతే పుణెలో రోయింగ్ నేర్చుకున్నారు. అనితతో జంటగా 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం గెలిచి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచారు.

వీరెవరూ సైక్లింగ్ విజేతలు కారు. అయితే వీరికి క్రమబద్ధమైన శిక్షణ, పడవ, కోచ్, తిండి, జీతం, అన్నిటికన్నా ముఖ్యంగా కొన్నేళ్ల వ్యవధి దొరికాయి. రామగుండం పక్కనే ఎల్లంపల్లి జలాశయం ఉన్నా, నీరు ఒక్కటే ఉంటే రోయర్లు తయారుకారు. రోజూ సైకిల్ తొక్కే యువతీయువకుల కాళ్లలో బలం ఉండవచ్చు. దానికి పద్ధతి నేర్పే ఏర్పాటు కావాలి. శిక్షకుడు, రక్షణ ఏర్పాట్లు లేకుండా జలాశయంలోకి దిగడం ప్రాణాపాయమని మరవకండి.

6. సారాంశం

క్రీడ మారినప్పుడు గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం, కాళ్ల బలం చాలావరకు వెంట వస్తాయి. కదలిక క్రమం, నడుము దారుఢ్యం, సమతూకం కొత్తగా నేర్చుకోవాలి. కాబట్టి మార్పిడి ఫలితం పాత పతకాల మీద కన్నా, కొత్త పద్ధతి నేర్చుకోవడానికి దొరికిన కాలం, శిక్షణల మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. శిక్షణ బదిలీ అంటే ఏమిటి?
2. రోయింగ్‌ను 'చేతుల క్రీడ' అనడం ఎందుకు సరికాదు?
3. విగ్గిన్స్, రొమేరోల అనుభవాలను పోల్చి, తేడాకు కారణాలు రాయండి.
4. మీ ప్రాంతంలోని ఒక శారీరక వృత్తిని గమనించి, అందులోని కదలిక ఏ క్రీడకు దగ్గరగా ఉందో పది వాక్యాల్లో వివరించండి.