ట్రాక్టర్ హోరుతో చెవికి చేటు

పొద్దంతా దమ్ము చేసి ఇంటికొచ్చిన ట్రాక్టర్ డ్రైవర్‌తో మాట్లాడి చూడండి. మీరు మామూలుగా అడిగితే 'ఏంటీ?' అంటాడు. తను మాత్రం వీధి చివరిదాకా వినపడేట్టు మాట్లాడతాడు. కొందరు దాన్ని పొగరనుకుంటారు, కొందరు చెముడని నవ్వుతారు. నవ్వేవాళ్ల మాటే నిజం కావచ్చు.

పురుగుమందు చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పనివాళ్లు లేరు. చెవి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ధ్వని కాలుష్యమంటే పట్నం బెడద అనే మన అందరి లెక్క. ఎడ్లు పోయి యంత్రాలొచ్చాక ఆ లెక్క తప్పింది.

చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. అరుగు మీద ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే సుమారు 60. క్యాబిన్ లేని ట్రాక్టర్ సీటు మీద, డ్రైవర్ చెవి దగ్గర 90 నుంచి 100 దాకా ఉంటుంది. నూర్పిడి యంత్రం, వీపున తగిలించుకునే తైవాన్ స్ప్రేయర్ కూడా తక్కువేం తినలేదు. చెట్లు కోసే పెట్రోలు రంపమైతే 100 దాటుతుంది. 60కీ 90కీ తేడా ఒకటిన్నర రెట్లే గదా అనుకోకండి. ఇది బస్తాల తూకం లాంటిది కాదు. ప్రతి 10 డెసిబెల్స్‌కి ధ్వని శక్తి పదింతలవుతుంది. ఆ లెక్కన 60 కంటే 90 వెయ్యింతలు.

ఎంతసేపు విన్నామన్నదీ ముఖ్యమే. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు మించకూడదని నిపుణులు చెబుతారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగం చేసుకుంటూ రావాలి. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర గంట. 100కి వచ్చేసరికి పావుగంటే. నాట్ల రోజుల్లో మన డ్రైవర్లు పది గంటలకు తక్కువ సీటు దిగరు.

చేను పడిపోయినట్లే

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో చిన్న గూడు ఉంటుంది. అందులో సుమారు 15 వేల కణాలు, వాటి మీద నూగులాంటి వెంట్రుకలు. శబ్దం వచ్చినప్పుడు గాలికి పైరు ఊగినట్లు అవి ఊగి, ఆ కబురు నరానికి అందిస్తాయి. హోరు ఎక్కువైతే వాలిపోతాయి. సాయంత్రం చెవిలో గుయ్యిమని మోగడం, దూది పెట్టినట్లు ఉండటం అందుకే. రాత్రి విశ్రాంతితో చాలావరకు లేస్తాయి. పొద్దున్నే బాగానే వినిపిస్తుంది కాబట్టి మళ్లీ బండెక్కుతారు. ఇలా ఏళ్ల తరబడి సాగితే కొన్ని లేవడం మానేసి చచ్చిపోతాయి. పైరు పోతే మళ్లీ నాటుకోవచ్చు. మనిషి చెవిలో ఈ కణాలు మళ్లీ మొలవవు.

ముందుగా దెబ్బతినేది సన్నని, కీచు శబ్దాలు వినే భాగం. మాటల్లో స, త, ప, క లాంటి అక్షరాలు జారిపోతాయి. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. మగవాళ్ల మాట అర్థమై, మనవరాలి మాట అర్థం కాకపోతే అనుమానించండి. నొప్పి ఉండదు, చీము కారదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి నాగలి చూసుకునేవారికి ఎడమ చెవి ఇంజిన్ వైపు ఉంటుంది. వాళ్లలో ఎడమ చెవికే ఎక్కువ దెబ్బ తగలడం కద్దు.

చెవితోనే ఆగదు. నిద్రలో ఉన్నా ఒళ్లు చప్పుడును వింటూనే ఉంటుంది, గుండె వేగం పెరుగుతుంది. ఏళ్ల తరబడి రాత్రి నిద్ర చెడితే రక్తపోటు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2000లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించకూడదు. ఊరేగింపు డీజేల సంగతి ఇక చెప్పేదేముంది! పశువులకూ ఇది పడదు. పాలు పితికే వేళ పెద్ద చప్పుడుకు బెదిరితే ఆవు పాలు చేపదు.

ఏం చేయాలి?

చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ చప్పుడు 85 దాటిందనే లెక్క. ముందు బండి చూసుకోండి. సైలెన్సర్ చిల్లు పడితే మార్చండి. మోత కోసం సైలెన్సర్ ఊడబీకే కుర్రాళ్లను మందలించండి. వదులైన బోల్టులు బిగించి, బేరింగులకు గ్రీజు పెట్టండి. డీజిల్ ఇంజిన్‌ను మంచానికి ఎంత దూరం పెడితే అంత మంచిది. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి.

చెవిలో దూది పెట్టుకుంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. చెవుల మీద డిప్పల్లా కూర్చునే ఇయర్ మఫ్‌లు వాడండి. సరిగ్గా బిగిస్తే 20 డెసిబెల్స్ దాకా తగ్గిస్తాయి. మెత్తటి ఫోమ్ బిరడాలైతే చేతులు కడుక్కుని, సన్నగా నలిపి, చెవి పైకి లాగి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. మందు చల్లిన చేత్తో ముట్టుకోవద్దు. హోరు వినలేక సెల్‌ఫోన్ పాటలు పెట్టుకోవడం మరీ తప్పు. ఇంజిన్‌ను మించి వినపడాలంటే పాట ఇంకా పెంచాల్సిందే గదా.

ఫ్యాక్టరీ కార్మికుడికి హోరు వల్ల చెవుడు వస్తే దాన్ని వృత్తి జబ్బుగా చట్టం జాబితాలో చేర్చారు. సొంత పొలంలో సొంత బండి తోలే రైతును ఆ జాబితా పట్టించుకోదు. కాబట్టి పరీక్ష మనమే చేయించుకోవాలి. చెవిలో వేడి నూనె పోసుకోవద్దు, దానితో ఈ చెవుడు తగ్గదు. చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలిసి ఆడియోగ్రామ్ తీయించండి. ఏటా ఒకసారి తీయించి కాగితాలు దాచుకుంటే తేడా తెలుస్తుంది. పరీక్షకు ముందు రోజు మాత్రం ట్రాక్టర్ ఎక్కకండి. చెవి అలసటలో ఉంటే లెక్క తప్పు వస్తుంది.